ఖనిజం దారిలో కాఫీ లోయ

విశాఖపట్నంలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్ శృంగవరపుకోట దాటి, బొడ్డవర వచ్చేసరికి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి అంటూ స్టేషన్లు వెనక్కి పోతున్నకొద్దీ సొరంగాలు ఎక్కువవుతాయి. చీకటి కమ్మిన ప్రతిసారీ పెట్టెలోని కుర్రకారంతా ఒక్క గొంతుతో కేకలు పెడుతుంది. అది ఆ రైలు ఆనవాయితీ. పెద్దవాళ్లు విసుక్కోరు, కొందరు గొంతు కలుపుతారు కూడా. బొర్రా గుహల దగ్గర కొంత జనం, అరకులో మరికొంత జనం దిగిపోతే, ఆపైన కోరాపుట్, జగదల్‌పూర్ వైపు వెళ్లే అసలు ప్రయాణికులు కాళ్లు చాపుకుంటారు. 2017 ఏప్రిల్‌లో ఈ రైలుకు అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె కూడా తగిలించారు.

ఇంత సరదా పంచుతున్న ఈ దారిని వేసింది ప్రయాణికుల కోసం కాదు. బస్తర్‌లోని బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి, జపాన్ వెళ్లే ఓడల్లో పోయడం కోసం.

అరకు లోయలో సందర్శకులు ఈరోజు చూడబోయే వాటిలో చాలా వాటి కథ ఇంతే. రైలు ఖనిజం కోసం, తోట సైన్యం కోసం, కాఫీ పోడు మాన్పించడం కోసం, ఘాట్ రోడ్లలో కొన్ని సర్కారు అధికారం కోసం వచ్చాయి. చుట్టపుచూపుగా వచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకొని పుట్టినవి చాలా తక్కువ. సందర్శకుడు ఆ పనులన్నింటి వెనకాల, తీరిగ్గా వచ్చాడు.

లోకంలో అన్ని చోట్లా ఇలా జరగదు. కాలిఫోర్నియాలోని నాపా లోయ ద్రాక్షతోటలకూ వైన్‌కూ పేరు మోసింది. అక్కడ 1860లలో శామ్యూల్ బ్రానన్ అనే ధనికుడు రైలు దారి వేయించడానికి పూనుకున్నదే, వేడినీటి బుగ్గల దగ్గర తాను కట్టుకున్న విడిదికి జనాన్ని రప్పించుకోవడానికి. ద్రాక్ష సారాయికి గిరాకీ, రుచి చూపించే గదులు, వాటి చుట్టూ వ్యాపారం ఆ దారి వెంటే పెరిగాయి. మన కాలంలోనే మరో ఉదాహరణ కావాలంటే ఖతార్ ఉంది. దోహా దక్షిణాన అల్ తుమామా అనే పేటలో, అరబ్బు మగవాళ్లు తలకు పెట్టుకునే గహ్‌ఫియా అనే అల్లిక టోపీ ఆకారంలో ఒక స్టేడియం కట్టారు. వాస్తుశిల్పి ఇబ్రహీం జైదా గీసిన ఆ కట్టడం 2021 అక్టోబరులో తెరుచుకుంది, మరుసటేడు ప్రపంచ కప్ చూడవచ్చిన లోకమంతటికీ కనబడింది.  అక్కడ అతిథి వస్తాడని ముందే తెలుసు, అతిథి కోసమే ఊరు ముస్తాబైంది. అరకులో అతిథిని ఎవరూ పిలవలేదు.

పిలవకపోగా, చాలాకాలం పాటు రావడానికే భయపడేవాళ్లు. మైదానంలో మన్యం అంటే మొదట గుర్తొచ్చేది జ్వరం. కొండెక్కినవాడికి చలిజ్వరం పట్టుకుంటుందని, దిగినా వదలదని పల్లపు ఊళ్లలో గట్టి నమ్మకం. అది వట్టి పుకారు కాదు, దోమల వల్ల వచ్చే మలేరియానే. 1879లో రంప పితూరీని అణచడానికి పంపిన పటాలాలను తుపాకుల కన్నా ఈ జ్వరమే ఎక్కువ కుంగదీసింది. ఈ కొండలకు మైదానపు చట్టాలు కూడా వర్తించేవి కావు. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, గవర్నర్ ఏజెంటు హోదాలో కలెక్టర్ చేతికిచ్చారు. జనం నోట నిలిచిపోయిన ఏజెన్సీ అన్న మాట అక్కణ్నుంచి వచ్చిందే.

ఏజెన్సీని ఏలాలంటే దారులు కావాలి. దారులు వేయాలంటే చేతులు కావాలి. ఇప్పుడు డిసెంబరు చలిలో నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కార్లు బారులు తీరే దారి ఒకటుంది. మధ్యలో లంబసింగి దగ్గర ఆగి, మంచులో వేడి టీ తాగి, ఫొటోలు తీసుకొని వెళ్తారు. వందేళ్ల కిందట ఈ దారి పనిలో కొండవాళ్లతో చాకిరీ చేయించి, కూలి సరిగ్గా ఇవ్వలేదని గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ మీద జనం పళ్లు నూరేవారు. అడవిలోకి పోనివ్వని అటవీ చట్టాలకు ఈ రోడ్డు కూలి తోడై, 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచింది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అరకు ఇప్పుడు ఆ జిల్లాలోదే.

యుద్ధం మళ్లీ మరో రూపంలో కొండెక్కింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో చాలామంది ఇళ్లు వదిలి లోపలి ఊళ్లకు పరుగెత్తారు. ఆ యుద్ధకాలంలోనే అరకులో సైనికులకు కూరగాయలు, పళ్లు పండించడానికి ఒక తోట వేశారు. చల్లటి గాలి, ఎర్రటి నేల ఉండటంతో మైదానంలో పండనివి ఇక్కడ పండేవి. అదే పద్మాపురం తోట. ఇప్పుడు అందులో గులాబీలు, పిల్లల రైలుబండి, చెట్ల మీద కట్టిన గుడిసెలు ఉన్నాయి. టికెట్టు కొని లోపలికి వెళ్లేవాళ్లలో ఎందరికి ఇది ఒకనాటి సైన్యపు కాయగూరల మడి అని తెలుసో చెప్పడం కష్టం.

జపాను మీద పోరాడే సైన్యానికి కూరలు పండించిన లోయ మీదుగానే, రెండు దశాబ్దాలు దాటాక, జపానుకు ఖనిజం పంపే రైలు వచ్చింది. యుద్ధంలో బూడిదైన జపాను ఉక్కు పరిశ్రమను తిరిగి నిలబెట్టుకుంటోంది, దానికి ఇనుప ఖనిజం కావాలి. కొత్తగా స్వతంత్రం వచ్చిన మనకు విదేశీ మారకం కావాలి. ఆ బేరంలో భాగంగా దండకారణ్య–బొలాంగీర్–కిరిబురు ప్రాజెక్టు పుట్టింది. అందులో అన్నిటికన్నా కష్టమైన ముక్క కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల దారి. రైల్వేవాళ్లకూ జనానికీ అది కేకే లైను. తూర్పు కనుమలకు అడ్డంగా 58 సొరంగాలు తొలిచారు, 80కి పైగా పెద్ద వంతెనలు కట్టారు. 1960లలోనే పని పూర్తయింది. నిండు బరువుతో ఖనిజం దిగుతుంది, ఖాళీ వ్యాగన్లు ఎక్కుతాయి. విశాఖలో పెద్ద ఓడల కోసం 1976లో బయటి హార్బరు మొదలైనప్పుడు ఈ లైను ప్రాణం మరింత గట్టిపడింది.

ఈ లైను మీద శిమిలిగుడ అనే చిన్న స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఇదే ఎత్తయినదని చాలా ఏళ్లు చెప్పుకున్నారు. తరవాత కాశ్మీరు లోయలో రైలు వచ్చి ఆ గొప్ప పట్టుకుపోయింది. అయినా పాత మాట మీద మమకారంతో, బండి అక్కడ ఆగగానే బోర్డు దగ్గర నిలబడి ఫొటో దిగేవాళ్లు తగ్గలేదు. గూడ్సు బండ్ల మధ్య రోజుకో ప్యాసింజరును సర్దడం నుంచే అరకు పర్యాటకం తలెత్తింది. ఆంధ్రప్రదేశ్ పర్యాటక సంస్థ పొద్దున రైల్లో ఎక్కించి, సాయంత్రం ఘాట్ రోడ్డు మీద బస్సులో దించే పర్యటనను పెట్టాక, విశాఖకు వచ్చిన ప్రతి చుట్టానికీ అరకు చూపించడం ఒక బాధ్యతైపోయింది.

బొర్రా గుహల సంగతి కొంచెం నిలబడి చెప్పుకోవాలి. గోస్థనీ నది సున్నపురాయిని లక్షల ఏళ్లు కరిగిస్తూ తొలిచిన గుహలివి. రైలు పట్టాలు వీటి పైనుంచే వెళ్తాయి. లోపల నీటిబొట్టు బొట్టుగా పేరుకున్న రాతి ఆకారాలకు జనం శివలింగం, ఆవు పొదుగు, తల్లీబిడ్డ అని పేర్లు పెట్టుకున్నారు. మేస్తున్న ఆవు పైకప్పు కన్నంలోంచి పడిపోతే, వెతుక్కుంటూ దిగిన కాపరికి లింగం కనబడిందన్నది స్థానిక కథ. దీనికి పోటీగా పర్యాటక కరపత్రాల కథ ఒకటి ఉంది: జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ 1807లో ఈ గుహలను కనిపెట్టాడని. చిక్కేమిటంటే ఆ సంస్థ పుట్టిందే 1851లో. విలియం కింగ్ దానికి అధిపతిగా ఉన్నది 1887 నుంచి 1894 దాకా.  ఆయన వచ్చి గుహలు చూసి ఉండవచ్చు గానీ, ఆ ఏడాది మాత్రం పొసగదు. ఆవుల కాపరి కథలో తేదీ లేదు గనుక దాంట్లో తప్పు పట్టేందుకు వీల్లేదు.

గుహల చుట్టూ ఉన్న సున్నపురాయి, కాల్సైట్, అభ్రకం మీద కన్నుపడింది సందర్శకులది కాదు, గనుల కంపెనీలది. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం లీజులిచ్చింది. గిరిజనుల పక్షాన సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదన్న నిబంధన 1959 నుంచీ ఉంది. 1970లో సవరణ వచ్చి మరింత బిగిసింది. ఏజెన్సీలో చదువురాని వాళ్లు కూడా దాన్ని వన్ ఆఫ్ సెవెంటీ అనే అంటారు. ఆ నిబంధన ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందా? తనదైన భూమిని సర్కారు ఎవరికైనా లీజుకివ్వకూడదా? హైకోర్టులో ఓడిన సమత సుప్రీంకోర్టులో గెలిచింది. 1997 జులైలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరి మెజారిటీతో, ప్రభుత్వమూ ఆ కట్టుబాటుకు లోబడిందేనని, ప్రైవేటు గనుల లీజులు చెల్లవని చెప్పింది. దేశంలో గిరిజన భూముల తగాదా ఎక్కడ వచ్చినా సమతా తీర్పు ప్రస్తావన వస్తుంది. దాని వేళ్లు మాత్రం టార్చిలైట్లు పట్టుకున్న గైడ్లు తిరిగే ఈ గుహల చుట్టుపక్కలే ఉన్నాయి.

భూమి చట్టం ఇంకొక మార్పు కూడా తెచ్చింది, దాన్ని అంతగా ఎవరూ గమనించరు. అరకులో కాఫీ తోట చూడాలని వచ్చినవాళ్లు పెద్ద గేటు, బంగళా, యజమాని పేరున్న బోర్డు కోసం వెతుకుతారు. కొడగులోనో చిక్కమగళూరులోనో కాఫీ ఎస్టేటు అంటే అలాగే ఉంటుంది. ఫ్రాన్స్ ద్రాక్ష లోయల్లో అయితే కోటలాంటి ఇంటి పేరే సీసా మీదికి ఎక్కుతుంది. ఇక్కడ అవేవీ కనబడవు. ఒక్కో కుటుంబానికి ఎకరమో రెండెకరాలో, అదీ అడవి అంచునే. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, పక్కన వరి, రాగి. కొడగు ఎస్టేట్లలాంటివి ఇక్కడ లేచి ఉంటే ఈ లోయ యజమానులు వేరుగా ఉండేవారు. భూమి గిరిజనుల చేతిలో నిలిచింది గనుక కాఫీ కూడా వాళ్లదే అయింది.

కాఫీ ఈ కొండలకు వచ్చిన తీరు సూటి దారి కాదు. ఆఫ్రికాలో పుట్టి, అరేబియాలో తాగడం అలవాటైన గింజ ఇది. యెమెన్ నుంచి బాబా బుడన్ అనే సూఫీ సాధువు రహస్యంగా తెచ్చిన ఏడు గింజలతో మన దేశంలో కాఫీ మొదలైందని చిక్కమగళూరు చెప్పుకుంటుంది.   తూర్పు కనుమల్లో తొలి మొక్కలు నాటింది 1898లో, తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో, బ్రోడీ అనే ఇంగ్లీషు దొర. 1920ల నాటికి అవి అరకు, పాడేరు, చింతపల్లి వైపు పాకాయి. అయినా చాలాకాలం అది దొరల సరదాగానే ఉండిపోయింది.

పోడు మాన్పించాలనుకున్నప్పుడు ప్రభుత్వానికి కాఫీ గుర్తొచ్చింది. కొండవాలు నరికి, కాల్చి, రెండు మూడేళ్లు సాగుచేసి మరో చోటికి కదిలే పోడు వల్ల అడవి పోతోందని అటవీ శాఖ వాదన. అదే అడవిలోంచి రైల్వే స్లీపర్ల కోసం, సర్కారు రాబడి కోసం ఎంత కలప దిగిందో ఆ వాదనలో పెద్దగా వినిపించదు. ఏమైతేనేం, నీడ కోరే అరబికా మొక్కకు చెట్టు నరకకుండా ఉండటమే పెట్టుబడి. 1956లో పుట్టిన గిరిజన సహకార కార్పొరేషన్ జీసీసీ, 1960లలో తోటలు వేసిన అటవీ శాఖ, 1976లో చింతపల్లి దగ్గర ఆర్వీనగర్‌లో పరిశోధన కేంద్రం తెరిచిన కాఫీ బోర్డు, తరవాత గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఒకదాని వెంట ఒకటి చేయి వేశాయి. పాడేరు ఏజెన్సీలో ఇప్పుడు కాఫీ రెండు లక్షల ఎకరాలు దాటింది.

పంట ఉంది గానీ పేరు లేదు. పళ్లు కొమ్మ మీదే ఎండబెట్టి దూసి, దళారీ చెప్పిన ధరకు సంతలో అమ్మేసేవారు. 2000 తరవాత నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వచ్చి సేంద్రియ సాగు, రైతుల సహకార సంఘం అంటూ కదిలించింది. ఎర్రగా పండిన పండునే, రెండు మూడు విడతలుగా ఏరి కోయడం, అదేరోజు తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి పార్చ్‌మెంట్ చేయడం అప్పటినుంచి అలవాటయ్యాయి. ఏటా రైతుల కాఫీలను తెప్పించి, విదేశీ రుచి నిపుణుల ముందు కప్పుల్లో పోసి మార్కులు వేయించే పోటీ పెట్టారు. ఇక్కడ వైన్ లోయల పద్ధతే కాఫీలోకి దిగింది. ఏ ఊరి వాలులో పండింది, ఎంత ఎత్తున, ఏ నేలలో అన్నదాన్నిబట్టి రుచి చెప్పడం, సీసాల మీద రాసినట్టే డబ్బాల మీద గ్రాండ్ రిజర్వ్ అని రాయడం మొదలయ్యాయి. 2017లో ప్యారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. మరుసటేడు అక్కడి ప్రీ ఎపిక్యూర్ పోటీలో బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ప్యారిస్ నచ్చిందన్నాకే విశాఖవాళ్లు తమ పక్కనున్న కాఫీని వెతుక్కొని కొనుక్కోవడం మాత్రం మనకే చెల్లింది.

మధ్యలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. విశాఖ మీద విరుచుకుపడ్డ గాలి కొండెక్కి సిల్వర్ ఓక్ చెట్లను వేళ్లతో సహా పడగొట్టింది. కింద ఉన్న కాఫీ మొక్కలు నలిగాయి, మిగిలినవి నీడ పోయి మాడాయి. కొత్తగా నాటిన నీడచెట్టు పనికొచ్చేదాకా, మొక్క కాపుకొచ్చేదాకా రైతు కొన్నేళ్లు కాసుకొని కూర్చోవలసి వచ్చింది. అదే ఏడాది చివర్లో పర్యాటకులు మాత్రం ఎప్పటిలాగే వచ్చారు.

వాళ్లకు చూపించేవాటి జాబితా ఏటికేడు పెరుగుతోంది, ఎక్కువ భాగం వ్యవసాయంలోంచే పుడుతోంది. నూనె గింజల కోసం కొండవాళ్లు తరాలుగా వేసుకుంటున్న వలిసె, అక్టోబరు, నవంబరులలో పసుపు పచ్చగా పూస్తుంది. ఫొటోల మోజు వచ్చాక చేలోకి దిగడానికి మనిషికింతని రైతులు వసూలు చేయడం మొదలైంది. తొక్కేసిన మొక్కకు అది పరిహారమే. వెదురు గొట్టంలో నూనె లేకుండా మాంసం కాల్చుకోవడం అడవిలో తిరిగేవాళ్ల వంట. ఇప్పుడది బొంగులో చికెన్ పేరుతో ఘాట్ రోడ్డు పొడవునా పొగలు కక్కుతోంది. చైత్రంలో ఇటుకల పండగ నాడు మగవాళ్లు వేటకు వెళ్తే, ఊళ్లో ఆడవాళ్లు దారికడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు పుచ్చుకుంటారు. ఆ పండగలకూ పెళ్లిళ్లకూ డప్పు, తుడుము, మోరి, కొమ్ముబూరల మధ్య ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు వేసుకొని ఆడే ధింసా, రిసార్టుల్లో రాత్రి మంట చుట్టూ గంటసేపు కార్యక్రమమైంది. ఆడేవాళ్లకు కూలి దొరుకుతోంది, దాన్ని తక్కువ చేయకూడదు. కాకపోతే ధింసా ఊరిలో అలసిపోయేదాకా సాగేది, రిసార్టులో గడియారం చూసి ఆగుతుంది.

ఇటీవలి మోజు మేఘాలది. లంబసింగిలో గడ్డి మీద మంచు గడ్డకట్టిందన్న వార్తలతో 2010ల మొదట్లో జనం ఎగబడ్డారు. కొన్నేళ్లకు పాడేరు దగ్గర వంజంగి, అరకు దగ్గర మాడగడ కొండల పేర్లు వీడియోల్లో మోగాయి. సూర్యోదయానికి ముందే కొండెక్కితే కాళ్లకింద తెల్లటి మబ్బుల సముద్రం. రాత్రికి గుడారాలు, తెల్లవారుజామున జీపులు, పొద్దెక్కాక ప్లాస్టిక్ సీసాలు. చాలాచోట్ల ప్రవేశ రుసుము, జీపు కిరాయి ఊరి కుర్రాళ్లకే పోతున్నాయి. అరకులో వేడిగాలి బెలూన్ల పండగలు చేశారు. 2025 జనవరి చివర్లో మొదలైన అరకు చలి ఉత్సవంలో పారాగ్లైడింగ్, హెలికాప్టర్ షికారు కూడా చేర్చారు. కొండ దిగువన ఊళ్లలో జ్వరమొస్తే డోలీ కట్టి మోసుకొచ్చే కుటుంబాలకు పైన హెలికాప్టరు తిరగడం ఎలా అనిపించిందో ఉత్సవ ప్రకటనల్లో రాయరు.

అదే 2025లో, వానాకాలంలో, అరకు కాఫీ రైతుకు వేరే చుట్టం వచ్చింది. కాఫీ గింజలోకి తొలుచుకుపోయి లోపలే గుడ్లు పెట్టే కాయతొలుచు పురుగు తొలిసారిగా ఈ కొండల్లో కనబడింది. నీలగిరులలో 1990లోనే బయటపడి కర్ణాటక తోటల్ని తిప్పలు పెట్టిన పురుగు ఇది. 1860లలో ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని ఫైలోక్సెరా అనే పేనుబంక నాశనం చేసినప్పుడు, అమెరికా ద్రాక్ష వేరు మీద తమ తీగను అంటుకట్టి గట్టెక్కారు. కాఫీలో ఆ కిటుకు పనిచేయదు, ఎందుకంటే పురుగు పట్టేది వేరుకు కాదు, కాయకు. అధికారులు పురుగు సోకిన తోటల్లో కాయలు దూయించి, నాశనం చేయించి, రైతుకు పరిహారం ప్రకటించారు. పురుగు ఒక చోటి నుంచి మరో చోటికి గింజల బస్తాల్లో, గోనెసంచుల్లో ప్రయాణిస్తుంది గనుక, సంతలకు వెళ్లే పార్చ్‌మెంట్ మీదా ఖాళీ సంచుల మీదా నిఘా పెట్టారు. కాయ ఎర్రబడే నవంబరుకు ముందే ప్రతి ఎకరం తిరిగి చూడాలన్నది ఇప్పుడు లోయలో పెద్ద పని.